అప్పటికప్పుడు పుట్టినవి ఏడు

పడవ ఒడ్డు వదిలి వంతెన దాటేలోపు మేస్టారు క్లారినెట్ ఊదే చోట బిగించే రీడు పుల్లను నోట్లో పెట్టుకుని నానబెట్టేవాడు. వంతెన నీడ పడవమీదనుంచి జారిపోగానే లేచి నిలబడి, కుర్చీల్లో కూర్చున్న యాభైమందినీ ఒకసారి కలయజూసి, రోజూ చెప్పే మాటే చెప్పేవాడు.

"ఇప్పుడు నేను వాయించబోయేది ఏ కాగితం మీదా లేదు. నా దగ్గరా లేదు. ఇక్కడే, ఈ గాలికి, మీ కళ్ళెదుట పుడుతుంది. రేపు రమ్మన్నా రాదు."

జనం చప్పట్లు కొట్టేవారు. ఆయన పక్కన ముక్కాలిపీట మీద కూర్చున్న చిలకమ్మ, అకార్డియన్ పట్టీలు భుజాలమీద సర్దుకుంటూ మొదటి మూడు స్వరాలు వినేది. ఆమెకి అంతే చాలు. 'ఓహో, ఇవాళ తడి దుప్పటి' అనుకుని, ఎడమచేతి వేళ్ళు ఆ ముక్కకి కావలసిన బొత్తాలమీద ముందే పెట్టేసేది.

అలాంటివి ఏడున్నాయి. పదకొండేళ్ళుగా సాయంత్రం అయిదింటి పడవలో, నది మీద గంటన్నర షికారులో, అవే ఏడూ తిరిగి తిరిగి పుట్టేవి. చిలకమ్మ వాటికి పేర్లు పెట్టుకుంది. ఒక్కొక్క మెట్టూ ఎక్కి వెనక్కి చూసేది పిల్లి మెట్లు. బరువుగా వేలాడేది తడి దుప్పటి. తర్వాత కుట్టుమిషను, తాళంచెవి పోయింది, వాన వెలిసింది, పాలు పొంగాయి. చివరిది రాని తుమ్ము. అది వస్తానని బెదిరించి బెదిరించి ఎక్కడికీ రాదు. రోజూ కొత్త జనమే ఎక్కుతారు కాబట్టి ఆ గుట్టు రట్టు చేసేవాళ్ళు లేరు. డ్రమ్ములు వాయించే గుండుకి అన్నీ ఒకటే. నాలుగు దెబ్బలు సరిగ్గా పడితే చాలనుకునే మనిషి అతను. చిలకమ్మ మాత్రం ఆ సంగతి కడుపులో దాచుకుంది.

చిలకమ్మ అన్న పేరు మేస్టారు పెట్టిందే. చేరిన మొదటిరోజు ఆయన వాయించిందాన్ని ఒక్కసారి విని పొల్లుపోకుండా అప్పగించింది. ఆయన మెచ్చుకోలేదు. "చిలకలా పలికావమ్మా" అన్నాడు. ఆ మాటలో చిలక మీద గౌరవమేమీ లేదని అక్కడున్న అందరికీ తెలిసింది. పేరు మాత్రం అతుక్కుపోయింది. పడవ నడిపే సరంగు మొదలుకుని టిక్కెట్లు చింపే మనిషిదాకా ఇప్పుడందరూ అదే పిలుపు.

మంగళవారం మధ్యాహ్నం, పడవల షెడ్డులో ఆమె అకార్డియన్ తిత్తి మడతల్లోని దుమ్మును మెత్తటి కుంచెతో దులుపుతూ ఉండగా మేనేజరు వచ్చాడు. చేతిలో కాగితం, మొహంలో పండగ.

"శనివారం మన కంపెనీకి పాతికేళ్ళు. డైరెక్టరుగారి కుటుంబం, అతిథులు, అంతా కలిపి డెబ్బై మంది. లాకులు దాటి పై చెరువుదాకా వెళ్తాం. దారిలో మీ ముగ్గురూ తలా అయిదు నిమిషాలు ఒంటరిగా వాయించాలి. ఎవరి ఇష్టం వాళ్ళది."

చిలకమ్మ చేతిలో కుంచె ఆగింది. పదకొండేళ్ళలో ఒక్క నిమిషం కూడా ఆమె ఒంటరిగా వాయించలేదు. మేస్టారు వాయిస్తుంటే కింద పీట వేసినట్టు శ్రుతి పట్టడమే ఆమె పని.

"గుండు వాయిస్తాడు," అన్నాడు మేస్టారు, రీడును వెలుతురుకెత్తి చూసుకుంటూ. "చిలకమ్మకి వద్దులెండి."

"అదేం మేస్టారూ?"

"చూడండి, ఆవిడ చెయ్యి మంచిదే. కాదనను. కానీ అది గుమాస్తా చెయ్యి. ఉన్నది ఎత్తి రాస్తుంది. ఒంటరిగా నిలబెడితే ఏం రాస్తుంది పాపం? ఆ అయిదు నిమిషాలూ నేను చూసుకుంటాను. మీకు మాట రాకుండా ఉంటుంది."

మేనేజరు చిలకమ్మ వైపు చూశాడు. ఆమె ఏమైనా అంటుందేమోనని రెండు క్షణాలు ఆగాడు కూడా. ఆమె తిత్తిలోని పద్నాలుగో మడత దులుపుతోంది. అతను కాగితం మీద ఒక గీత కొట్టి, ఒక అంకె దిద్ది వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి భర్త వంటింటి గుమ్మంలో కూర్చుని, కళ్ళజోళ్ళ దుకాణంనుంచి తెచ్చుకున్న విరిగిన ఫ్రేముకి సన్నని మర బిగిస్తున్నాడు. అత్తగారు, పాతికేళ్ళ కిందట బస్సులో చెప్పు పోగొట్టుకున్న కథ, చూడటానికొచ్చిన పక్కింటావిడకి చెబుతోంది. ఈసారి చెప్పు కిటికీలోంచి పడింది.

"కిందటిసారి కండక్టరు తొక్కితే ఊడిందన్నారుగా అత్తయ్యా," అంది చిలకమ్మ సంచీ దించుతూ. "అంతకుముందు మెట్టుమీద ఇరుక్కుంది."

"నువ్వొకదానివి. పోయిన చెప్పు ఒకటే కదా, ఎలా పోతే ఏం?" అంది అత్తగారు. "కండక్టరంటే ఈవిడకి నవ్వు రాదు, వాళ్ళాయన కండక్టరు. అందుకని కిటికీలోంచి పడేశాను."

పక్కింటావిడ పడీపడీ నవ్వింది. చిలకమ్మకి మాత్రం నవ్వు రాలేదు. వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోముతూ జరిగింది భర్తకి చెప్పింది. అతను మర బిగించడం ఆపి విన్నాడు.

"ఆయనకంటే నీకు ఎక్కువ తెలుసని ఆయనకి తెలీదు. అంతేగా," అన్నాడు.

"తెలియజేస్తే?"

"అది నీ ఇష్టం. మొహం మీద చెప్పకు. పెద్దాయన."

మొహం మీద చెప్పే ఉద్దేశం ఆమెకీ లేదు.

బుధవారం సాయంత్రం పుట్టింది కుట్టుమిషను. అందులో ఒక చోట మేస్టారు గబగబా పరిగెత్తి, హఠాత్తుగా ఆగి, కళ్ళెత్తి ఆకాశంలో దేనికోసమో వెతికినట్టు చూసి, అక్కణ్ణుంచి లోతైన స్వరంలోకి దూకేవాడు. జనం ఊపిరి బిగబట్టే చోటు అదే. ఆరోజు ఆయన ఇంకా ఆకాశం వైపు చూస్తుండగానే, ఆయన దూకబోయే చోటికి సరిగ్గా సరిపోయే శ్రుతి కింద అకార్డియన్‌లో మోగింది. బావిలోకి దూకబోయేవాడికి అప్పటికే అడుగున ఎవరో నిలబడి కనిపిస్తే ఎలా ఉంటుంది? మేస్టారు దూకాడు గాని, దూకుతూ పక్కకి చూశాడు. చిలకమ్మ తిత్తివైపు చూసుకుంటోంది.

రెండో మలుపులోనూ అదే జరిగింది. మూడోసారి ఆయన కావాలనే ఆకాశం వైపు రెండింతలు సేపు చూశాడు. ఆమె కూడా ఆగింది. ఇద్దరూ ఒకే క్షణంలో దిగారు. జనం చప్పట్లు మామూలు కంటే ఎక్కువే కొట్టారు. మేస్టారి చొక్కా కాలరు తడిసిపోయింది.

ఒడ్డుకి చేరాక ఆయన క్లారినెట్ ముక్కలు విడదీస్తూ, తల ఎత్తకుండా అడిగాడు.

"నీకెలా తెలిసింది?"

"ఏది మేస్టారూ?"

"ఆ దిగుడు."

"దిగుతారనిపించింది."

"అనిపించిందా."

"పదకొండేళ్ళుగా అనిపిస్తూనే ఉంది."

 ఆయన గొట్టాల్లో తడి తుడవకుండానే పెట్టె మూసేశాడు. రోజూ ఆ పనికి పది నిమిషాలు పట్టేది.

గురువారం మేస్టారు లేచి నిలబడ్డాడు గాని, రేపు రమ్మన్నా రాదన్న మాట చెప్పలేదు. వాయించడం మొదలుపెట్టాడు. చిలకమ్మ మొదటి మూడు స్వరాలూ విన్నది. అర్థం కాలేదు. ఇంకో మూడు విన్నది. ఆమె ఎడమచెయ్యి బొత్తాలమీద తేలుతూ ఉండిపోయింది. అది ఏడింట్లో ఏదీ కాదు.

నాలుగు మెట్లు ఎక్కాడు మేస్టారు. బాగానే ఎక్కాడు. అక్కడ ఆగాడు. డాబా ఎక్కాక ఎవరో నిచ్చెన తీసేసిన మనిషిలా అటూ ఇటూ చూసి, ఆ నాలుగు మెట్లే మళ్ళీ ఎక్కాడు. మూడోసారీ ఎక్కాడు. తర్వాత దగ్గి, రీడు చీలినట్టు దాన్ని తీసి చూసి, పెట్టి, తడి దుప్పటిలోకి జారుకున్నాడు. యాభైమందిలో ఒక్కరికీ ఏమీ తెలియలేదు. ఎప్పటిలాగే చప్పట్లు కొట్టారు.

గెలిచినట్టు ఉంటుందనుకుంది చిలకమ్మ. అలా లేదు. నడుస్తున్న మనిషికి తనే కాలడ్డం పెట్టినట్టుంది.

జనం దిగిపోయారు. గుండు డ్రమ్ములకి గుడ్డలు కప్పి వెళ్ళిపోయాడు. మేస్టారు పడవ వెనక, చుట్టచుట్టి ఉన్న మోకు మీద కూర్చున్నాడు. ఇంకా వెలుతురు పోలేదు. చిలకమ్మ వెళ్ళి ఆయనకి ఎదురుగా లైఫ్ జాకెట్ల పెట్టెమీద కూర్చుంది.

"ఎన్నున్నాయి?" అన్నాడాయన.

"ఏడు."

"ఏడేనా? తొమ్మిదనుకున్నానే."

"మిగతా రెండూ వేరేవాటి తోకలు మేస్టారూ. మొదలు మార్చారంతే."

 ఆయన, "గుర్తులు పెట్టుకున్నావా?" అన్నాడు. ఆమె వేళ్ళమీద లెక్కపెడుతూ పేర్లన్నీ చెప్పింది. రాని తుమ్ము దగ్గర మేస్టారు తలెత్తాడు.

"రాని తుమ్మా?"

"తప్పుగా అనుకోకండి."

"కాదు కాదు. సరిగ్గా పెట్టావు. దాంతో నాకూ అదే బాధ." ఆయన పెదవి కొసన నవ్వు కదిలింది. "ఒక్కొక్కటి ఎంత కాలం పట్టిందో తెలుసా? ఆ తాళంచెవికి ఎనిమిది నెలలు. తలుపేసుకుని, చెవిలో దూది పెట్టుకోమని ఇంట్లోవాళ్ళకి చెప్పి. ఆగి ఆకాశం వైపు చూస్తానే, అది కూడా అద్దం ముందు నేర్చుకున్నదే. తడబాటు కూడా సాధన చేశాను."

"మరి అప్పటికప్పుడు అని ఎందుకు చెప్తారు?"

"కంఠతా పట్టి వచ్చానంటే ఎవరు కొడతారు చప్పట్లు? నీకెవరైనా కొట్టారా?"

చిలకమ్మ ఆలోచించింది. లేదని తల ఊపింది. ఆ ప్రశ్న ఎగతాళిగా అడగలేదని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"సరే, ఇన్నేళ్ళు విన్నావుగా," అన్నాడాయన, ఈసారి చూపు తప్పించి. "ఏది బాగుంటుంది అన్నిట్లో?"

"పాలు పొంగాయి. కాకపోతే ముందు ఇంకా బాగుండేది. ఆరేళ్ళ కిందట చివర్లో ఒక మెలిక తీసేశారు."

"ఏ మెలిక?"

ఆమె అకార్డియన్ ఒళ్ళోకి తీసుకుని, తిత్తి సగమే తెరిచి, నెమ్మదిగా వాయించి చూపించింది. ఆరంభంలో పైకి పొంగినది చివర్లో దిగబోతూ, దిగకుండా, పక్కకి తిరిగి చూసే మెలిక అది. మేస్టారు మెడ ముందుకు చాచి విన్నాడు. ఎక్కడో పారేసుకున్న వస్తువు పక్కింట్లో కనబడితే చూసినట్టు చూశాడు.

"ఇది నాదేనా?"

"మీదే. ఆరోజు మీకు జలుబు చేసింది. గుక్క చాలక వదిలేశారు. మళ్ళీ తెచ్చుకోలేదు."

ఆయన పెట్టె తెరిచాడు. చీకటి పడేదాకా ఆమె వాయించడం, ఆయన అందుకోవడం, ఆమె కాదని తల ఊపడం, మళ్ళీ వాయించడం. కాపలా మనిషి వచ్చి తాళం వెయ్యాలన్నాక లేచారు. గట్టుమీద మేస్టారు ఆగాడు.

"శనివారం కార్యక్రమం కాగితాలు అచ్చయిపోయాయట," అన్నాడు.

"నేనడగలేదుగా మేస్టారూ," అంది చిలకమ్మ.

శనివారం డెబ్బైమందీ ఇస్త్రీ మడతలు నలక్కుండా కూర్చున్నారు. ముందు వరసలో డైరెక్టరుగారి తల్లి, చేతికర్ర మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, ప్రతిదాన్నీ పరీక్షగా చూస్తోంది. పడవ లాకుల్లోకి ప్రవేశించింది. వెనక గేటు మూసుకుంది. రెండువైపులా పాచిపట్టిన రాతిగోడలు. నీళ్ళు నెమ్మదిగా నిండి పడవను పైకి లేపాయి. ఇక ముందు గేటు తెరుచుకోవాలి. అది జానెడు కదిలి, కిర్రుమని ఆగిపోయింది. అడుగున ఏదో దుంగ అడ్డుపడింది.

లాకుల మనిషి గునపం తీసుకుని గేటుమీదకెక్కాడు. మేనేజరు కుర్చీల మధ్యనుంచి వంగి వంగి వచ్చాడు.

"మేస్టారూ, గేటు తెరిచేదాకా మీరు ఆపొద్దు. పది నిమిషాలు కాదు, ఎంతసేపైనా సరే. గాలి లేదు, అందరూ విసుక్కుంటున్నారు. నా పరువు మీ చేతుల్లో ఉంది."

మేస్టారు లేచాడు. పిల్లి మెట్లు పుట్టింది. తర్వాత వాన వెలిసింది పుట్టింది. మూడోదానికి కూడా, ఇది ఈ గోడల మధ్యే పుడుతుందని చెప్పాడు. ఎంతో బాగా వాయించాడు. కుట్టుమిషను అయ్యేసరికి ఆ మాట చెప్పడం మానేశాడు. చిలకమ్మ వేళ్ళు మడుస్తోంది. మూడు. తాళంచెవి, నాలుగు. లాకుల మనిషి పైనుంచి, "ఇంకో పావుగంట" అని అరిచాడు. తడి దుప్పటి అంత గాలిలేని చోట ఎప్పుడూ ఆరలేదు. పాలు పొంగాయి, తిరిగొచ్చిన మెలికతో సహా, ఆఖరి ఆశగా వాయించాడు. జనం మెచ్చారు. రాని తుమ్మును ముట్టుకునే ధైర్యం ఆయనకి లేకపోయింది. గేటు కదల్లేదు.

మేస్టారు మొహం తుడుచుకుని, మళ్ళీ పిల్లి మెట్లు ఎత్తుకున్నాడు. ఆరు మెట్లు ఎక్కిందో లేదో, డైరెక్టరుగారి తల్లి పక్కావిడతో, చెవిటివాళ్ళు మాట్లాడే గొంతుతో అంది:

"ఇది ఇందాకే పుట్టిందిగా. మళ్ళీ పుట్టిందేమిటే?"

వెనక వరసల్లో నవ్వు లేచింది. మేస్టారు క్లారినెట్ దించాడు. మెడనుంచి చెవులదాకా ఎర్రబడ్డాడు. చిలకమ్మ వైపు తిరిగి, ఆమెకి మాత్రమే వినబడేట్టు, "అయిపోయాయి" అన్నాడు.

చిలకమ్మ తిత్తి తెరిచింది. ఏం వాయించాలో అనుకోలేదు. అనుకోవడానికి వ్యవధి లేదు. సగంలో ఆగిన పిల్లిని మెట్లమీద ఒంటరిగా వదిలెయ్యడం బాగుండదనిపించింది, అంతే. దాన్ని ఇంకో రెండు మెట్లెక్కించి, అక్కడ పాలు పొంగించింది. మెలిక దగ్గర తప్పు బొత్తాం నొక్కింది. పదకొండేళ్ళలో మొదటి తప్పు. గుండు కూడా తల తిప్పి చూశాడు. ఆమె కంగారులో అదే తప్పు మళ్ళీ నొక్కింది. రెండోసారి విన్నాక అది తప్పులా లేదు. పక్కసందులోకి తెరుచుకున్న తలుపులా ఉంది. అందులోకి వెళ్ళింది.

పైన గునపం గేటుకి తగిలి ఠంగుమంది. గుండు, తన జన్మలో మొదటిసారి, నాలుగో దెబ్బ వదిలేసి ఆ ఠంగు కోసం ఆగాడు. అది పడ్డాక కొట్టాడు. లాకుల మనిషికి తెలియకుండానే అతని గునపం వాళ్ళతో కలిసింది. చిలకమ్మ తల ఎత్తింది. ఎప్పుడూ తిత్తి మడతలే చూసే కళ్ళకి డెబ్బై మొహాలు కనిపించాయి. విసనకర్రగా ఊపుతున్న కార్యక్రమం కాగితాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి. ముసలావిడ కర్ర నేలమీద ఆడుతోంది. ఆ కర్రకోసం చిలకమ్మ కొంచెం వేగం పెంచింది. కర్ర కూడా పెంచింది. చిలకమ్మకి లోపల్నుంచి నవ్వొచ్చింది. అది వేళ్ళలోకి దిగింది.

మేస్టారు నోరు తెరుచుకుని వింటున్నాడు. ఒకచోట ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే, ఆయన క్లారినెట్ ఎత్తి చిన్నగా ఒక ప్రశ్న అడిగాడు. గురువారం నాడు ఎక్కి దిగలేక నిలబడిపోయిన నాలుగు మెట్లవి. ఆమె కిందనుంచి నిచ్చెన వేసింది. ఆయన దిగాడు. దిగి, ఇంకెక్కడికో ఎక్కాడు. ఈసారి ఆకాశం వైపు చూడలేదు. చిలకమ్మ చేతుల వైపే చూస్తూ వాయించాడు. ఆమె ఎటు వెళ్తుందో ఆయనకి తెలియదు. ఆమెకీ తెలియదు. ఇద్దరూ ఒకరినొకరు తప్పిపోనివ్వకుండా తిరిగారు.

దుంగ ఎప్పుడు తొలగిందో ఎవరూ చూడలేదు. గేటు తెరుచుకుంది. అవతలి నీళ్ళు కనిపించాయి. చల్లగాలి వచ్చింది. సరంగు చక్రంమీద మోచేతులానించి వింటూ, ఇంజను సంగతి మరిచిపోయాడు. లాకుల మనిషి గునపం భుజాన వేసుకుని గట్టుమీద నిలబడ్డాడు. వాళ్ళు ఆపాక మొదట చప్పట్లు కొట్టింది అతనే.

డైరెక్టరుగారి తల్లి కర్రతో మేస్టారి వైపు చూపించింది.

"ఏమయ్యా, మరి ఇది ఎప్పుడు పుట్టింది?"

"నన్నడగకండమ్మా," అన్నాడు మేస్టారు. "ఆవిణ్ణడగండి."

అందరూ చిలకమ్మ వైపు తిరిగారు. ఆమె అకార్డియన్ వెనక దాక్కోబోయింది. అది సరిపోయేంత పెద్దది కాదు.

సోమవారం మధ్యాహ్నం ఆమె షెడ్డుకి వచ్చేసరికి మేస్టారు ముందే వచ్చి కూర్చున్నాడు. ఎదురుగా గీతల కాగితాలు, చెక్కిన పెన్సిలు. ఆమె పీట తుడిచి మరీ వేసి ఉంది.

"కూర్చో. మొన్నటిది మళ్ళీ వాయించు, మొదట్నుంచి. రాసుకుంటాను. నువ్వు సరే అంటేనే. ఎనిమిదోది చేసుకుందాం. నీ పేరు చెప్పే వాయిస్తాను."

చిలకమ్మ పట్టీలు తగిలించుకుంది. పిల్లి మెట్లు, పాలు పొంగడం, ఆ తప్పు బొత్తాం దాకా బాగానే వచ్చింది. ఆ తర్వాత చెయ్యి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది. చిన్నప్పుడు చదివిన బళ్ళో హాజరుపట్టీ వరసగా అప్పగించగల మనిషి. అత్తగారి చెప్పు ఎన్ని రకాలుగా పోయిందో తేదీలతో సహా చెప్పగలదు. కళ్ళు మూసుకుంది. గునపం చప్పుడు వినిపించింది, ముసలావిడ కర్ర కనిపించింది. స్వరం మాత్రం ఒక్కటీ లేదు.

"గుండూ, నీకేమైనా గుర్తుందా?"

"ఠంగుమన్నది గుర్తుందక్కా," అన్నాడు గుండు, మూల కూర్చుని టీ ఊదుకుంటూ.

"నాకు గుర్తులేదు మేస్టారూ."

"నీకా?"

"నాకే."

ఆయన పెన్సిలు పట్టుకుని ఆమెనే చూశాడు. ఆమె మొహంలో బాధ కోసం వెతికాడు. లేదు. చిలకమ్మ నవ్వుతోంది. మొదట సన్నగా, తర్వాత తిత్తి కూడా ఊగి గాలి వదిలేంతగా నవ్వింది. ఆ గాలికి ఏదో బొత్తాం కింద ఒక స్వరం పలికింది. ఆమె నవ్వు ఆపి దాన్ని వింది. దాని పక్కనున్నది నొక్కింది. ఇంకొకటి నొక్కింది.

"అదేనా?" అన్నాడు మేస్టారు ఆత్రంగా, పెన్సిలు కాగితంమీద ఆనించి.

"కాదు."

"మరి?"

"తెలీదు మేస్టారూ. రాయకండి. అందుకోండి."

ఆయన పెన్సిలు కింద పెట్టి క్లారినెట్ ఎత్తాడు. మూలనున్న గుండు టీ గ్లాసు నేలమీద పెట్టి, డ్రమ్ము కర్రలకోసం వెతుక్కోవడం మొదలుపెట్టాడు.